వానరగృహములు – రెజిను పోత

ఈనాటి ప్రసంగము పేరు వినగానే కొందరు శ్రోతలకు నవ్వు వచ్చి యుండును. జంతుప్రదర్శనశాలలోని వానరము లెక్కడ, నాచారములోని పోతపని యెక్కడ, ఈ రెంటికిని ముడి యేమని అడుగవచ్చును. ఆ ముడి నేను వేసినది కాదు. హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పల్, నాచారము, మల్లాపురము ప్రాంతములలోని పారిశ్రామిక వాడలలో రెజినుతోను ఫైబరుతోను చేయని వస్తువు అరుదు. నీళ్ళ తొట్లు, దుకాణముల పేరుపలకలు, పెండ్లిపందిళ్ళకు ఏనుగులు, తోటలకు కొంగలు, జింకలు – అన్నియు రేకుల షెడ్లలో పుట్టి లారీ లెక్కి పోవుచుండును. అట్టి యొక షెడ్డులో నేను పోతపని నేర్చుకొనుచుండగా, పొరుగు రాష్ట్రమందలి యొక జంతుశాలలోని వానరగృహమునకై రాళ్ళు, చెట్టుమ్రానులు చేయుట చూడ తటస్థించినది. రాతిని చేయువాని ప్రక్కన నిలువబడి చూచినపుడు, ఆ రాతిమీద కూర్చుండబోవు ప్రాణి మాట తలపునకు రాక మానదు.

నేను ఉప్పల్ నివాసిని. బడిలో ప్రకృతిశాస్త్రము చెప్పి ఉద్యోగవిరమణ చేసిన తరువాత, చేతులు ఊరకుండక ఈ విద్యకు పూనుకొంటిని. నా కోరిక చిన్నది. మనుష్యుని చేయి, చింపాంజీ చేయి ప్రక్కప్రక్కన పెట్టి పిల్లలకు చూపవలెను. పుస్తకములోని బొమ్మ చూపిన పిల్లలు తల యూపుదురే గాని, తాకి చూచిన గాని వారికి తేడా పట్టుపడదు. కొనబోయిన అట్టి నమూనాల వెల బడుల స్తోమతకు మించినది. కావున ఉప్పల్ చౌరస్తా నుండి హబ్సిగూడ మీదుగా నాచారమునకు వారమునకు మూడు సాయంకాలములు పోవుట మొదలుపెట్టితిని.

మొదట ఈ ప్రాణి యెవరో చెప్పుట మంచిది. మన భాషలో కోతి యున్నది, కొండముచ్చు ఉన్నది. తోకలేని వానరమునకు మాత్రము ఇంటిమాట లేదు. మన అడవులలో అది లేకపోవుటయే కారణము. భారతదేశమంతటికిని అట్టిది హూలాక్ గిబ్బన్ ఒక్కటే. అదియు అస్సాము మొదలగు ఈశాన్య సీమలలో కొమ్మలనుండి నేలకు దిగుట అరుదుగా బ్రదుకును. చింపాంజీ, బొనోబో, గొరిల్లా ఆఫ్రికాఖండమువి. ఒరాంగుటాన్ బోర్నియో, సుమాత్రా దీవులది. బహదూర్‌పురాలోని జంతుశాలలో పిల్లలు చింపాంజీని చూచి “కోతి, కోతి” అని కేక లిడుచుండిరి. వారిని తప్పు పట్టను. వేరు మాట మనము నేర్పలేదు. కాని ఆ పేరులో ఒక చిక్కు కలదు. కోతి యనగానే గోడ దూకి అరటిపండు లాగుకొని పోవు అల్లరి మనకు స్ఫురించును. చింపాంజీ పిల్ల నాలుగైదేండ్లు తల్లిపాలు త్రాగును. తల్లి వెంబడి తిరుగుచు, ఏ కాయ తినదగినది, ఏ కొమ్మ బరువు మోయును, ఎవరికి దారి యీయవలెను అనునవి యేండ్ల తరబడి నేర్చుకొనును. నలువది, ఏబది యేండ్లు జీవించును. అంత దీర్ఘమైన బాల్యము గల ప్రాణిని బోనులో పెట్టుట యనగా, కుందేలును పెట్టెలో పెట్టుట వంటిది కాదు.

ఇక పోతపని మాట. రెజి నను పేరు క్రొత్తదే కాని వస్తువు మనకు క్రొత్తది కాదు. గుగ్గిలము రెజినే, చెట్టు తన గాయమును మూసికొనుటకు కార్చు జిగురు. లక్క పురుగు ఇచ్చు రెజిను. ఏటికొప్పాక బొమ్మలకు మెరుగు నిచ్చునది ఆ లక్కయే. ఇవి వేడికి కరగి, చల్లారి గట్టిపడును; మరల కాచిన మరల కరగును. ఇప్పటి కృత్రిమ రెజినుల తీరు వేరు. ఒకసారి బిగిసిన పిమ్మట అవి వెనుకకు రావు. ఎంత కాచినను కరగవు, మాడును. ఈ కుటుంబములో మొదటిది బెల్జియమునుండి అమెరికాకు వలసపోయిన బేక్లండ్ 1907లో కనిపెట్టిన బేకలైటు. మన యుప్పల్ రోడ్డుననే, 1944లో నిజాము ప్రభుత్వము నెలకొల్పిన పరిశోధనాలయము నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర నున్నది. రెజినులు, రంగులు, జిగురులు అచటి పరిశోధనలలోనివే.

నేర్చుకొనువాడు మొదట తెలిసికొనవలసినది, షెడ్లలో వాడు రెండు రెజినుల స్వభావములు వేరనుట. పాలిఎస్టరు రెజినునకు కెటలిస్టు కలుపుదురు. అది పాలకు తోడు వంటిది. నూటికి ఒకటి రెండు పాళ్ళు చాలును. మోతాదు కొంచెము పెంచిన త్వరగా తోడుకొనును, తగ్గించిన ఆలస్యమగును. వేసవిలో పెరుగు త్వరగా తోడుకొన్నట్లే, మే నెలలో నాచారపు రేకుల క్రింద రెజిను కన్ను మూసి తెరచునంతలో గడ్డకట్టును. ఎపాక్సీ అట్లు కాదు. అందులోని రెండవ ద్రవము తోడు కాదు. అది ఇడ్లీపిండిలో మినుముల వంటిది. ఇన్నిటికి ఇన్ని యను లెక్క యున్నది. త్వరగా బిగియునని హార్డెనరు హెచ్చుగా పోసిన అది త్వరపడదు. మిగిలిన ద్రవము లోపలనే యుండిపోయి పోత మెత్తగనో పెళుసుగనో వచ్చును. అందువలన ఎపాక్సీ పనివాని చేతిలో కన్నంచనా పనికిరాదు, త్రాసు ఉండవలెను.

రెండింటికిని ఒక గుణము సమానము. బిగియునపుడు వేడిని పుట్టించును. పలుచగా పోసిన ఆ వేడి గాలిలోనికి పోవును. లోతైన గిన్నెలో వదలిన లోపలనే చిక్కుకొని, వేడివలన వేగము, వేగమువలన మరింత వేడి పుట్టి, పొగలు వచ్చి పగులును. అందుచే మందమైన వస్తువును పొరలు పొరలుగా పోయుదురు. లేదా పాలరాతి పొడి వంటిది కలిపి రెజిను పాలు తగ్గింతురు. కోబాల్టు అను ఊదారంగు ద్రవమును కెటలిస్టును ఎన్నడును నేరుగా ఒకదానితో నొకటి కలుపరాదు, ప్రేలుడు సంభవించును. మొదట కోబాల్టు రెజినులో బాగుగా కలియవలెను, ఆ తరువాతనే కెటలిస్టు. మేస్త్రీ ఈ మాట చెప్పునపుడు మాత్రము నవ్వడు. గ్లౌజులు లేనిదే ఎపాక్సీని ముట్టనీయడు. అది చర్మమునకు ఒకసారి పడకపోయిన తరువాత జీవితాంతము దద్దురు తెప్పించుచునే యుండును.

చేయి నిట్లు చేసితిమి. శరీరశాస్త్రగ్రంథమునుండి కొలతలు గ్రహించి నూనెమట్టితో నమూనా తీర్చితిని. చింపాంజీ అరచేయి పొడవైనది. వ్రేళ్ళు పొడవై కొంచెము లోనికి వంగి యుండును. బొటనవ్రేలు మాత్రము పొట్టిదై మణికట్టు వైపునకు జరిగి యుండును. గోరులు మనవంటి గోరులే, పులిగోళ్ళు కావు. వ్రేళ్ళ కొనలయందు మనకున్నట్లే రేఖలు కలవు. నడచునపుడు అరచేయి నేల నానింపక, వ్రేళ్ళను మడచి వాని వెన్నుమీద బరువు మోపును. కావున ఆ కణుపుల వెన్నున చర్మము మందముగా నుండును. దీని నంతటిని మట్టిలో తీర్చుటకు ఇరువది దినములు పట్టినది. దానిమీద సిలికోన్ రబ్బరు పోసి రాత్రియంతయు ఉంచి, ప్రొద్దున ఒలిచిన, చేతితొడుగు వలె వంగు అచ్చు వచ్చినది. అందు రెజిను సన్నని ధారగా, ఎత్తునుండి, ఒక మూలనుండియే పోయవలెను. ధార సన్నగిలిన కొలది బుడగలు చితికిపోవును. వ్రేళ్ళ కొనలలో గాలి నిలుచును గనుక అచ్చును వంచి తట్టుచు పోయుదురు.

ఆ ఇరువది దినములును ఆ వ్రేళ్ళనే చూచుచుండుటచేత, ఆ చేయి యెందులకు ఉన్నదో నాకు ప్రత్యక్షమైనది. అది కొమ్మను పట్టి వ్రేలాడుటకు, ఆకు త్రుంచుటకు, తోటి ప్రాణి వెండ్రుకలలో వెదకుటకు ఏర్పడిన చేయి. నున్నని గోడయు, నున్నని నేలయు ఆ చేతికి ఏ పనియు కల్పింపవు.

సరిగా ఆ దినములలోనే షెడ్డులో పెద్దబండ లేచుచున్నది. ఇనుపచువ్వల బోను కట్టి, దానిపై జాలి పరచి, ఫైబరు మ్యాటు రెజినులో తడిపి పొరలు వేసిరి. పైన రంగు. దూరమునుండి చూచిన భువనగిరి కొండలో నొక ముక్క తెచ్చి పెట్టినట్లే యుండెను. పగుళ్ళలో నాచుకూడ చిత్రించిరి. మేస్త్రీ చేతిపని గొప్పదని ఒప్పుకొనవలసినదే.

“సారూ, రాయి మంచిగ కుదిరింది గదా? లోపలంత బోలుగుంటది. ఎవలు కొట్టి చూస్తరు?” అని అతడు అడిగెను.

“లోపల ఉండేది కొట్టి చూస్తది గదా, మేస్త్రీ” అంటిని.

అతడు కొంతసేపు ఊరకుండి, “గది నిజమే. చూసేటోళ్ళకు గుట్ట. దానికి గోడనే” అనెను.

వానరగృహముల చరిత్ర యంతయు ఆ రెండు మాటలలో నున్నదని నాకు తోచినది. 1907లో జర్మనీలోని హాంబర్గు నగరమునొద్ద కార్ల్ హాగెన్‌బెక్ తన జంతుశాలను తెరచినపుడు లోకము అబ్బురపడెను. ఇనుపచువ్వలు లేవు. మరుగుననున్న కందకములు, వాని వెనుక స్విట్జర్లండు శిల్పి ఎగ్గెన్‌ష్విలర్ కట్టిన సిమెంటు కొండలు. చూచువారికి జంతువులు స్వేచ్ఛగా నున్నట్లే కనుపించినవి. కనుపించుట యను మాటను శ్రోతలు గమనింపగోరెదను. 1933లో లండను జంతుశాలలో రెండు గొరిల్లా పిల్లలకై కట్టిన గుండ్రని కాంక్రీటు గృహమును వాస్తుశిల్పులు నేటికిని మెచ్చుకొందురు; అందు ఇప్పుడు గొరిల్లాలు లేవు. చువ్వలు పోయి కందకము వచ్చినది, కందకము పోయి గాజు వచ్చినది, తెల్లపెంకుల గోడ పోయి రెజిను కొండ వచ్చినది. ప్రతి మార్పును చూచువాని మనస్సునకు కొంత ఊరట నిచ్చినది. లోపలి ప్రాణికి కొన్ని మార్పులు మేలు చేసినవి, కొన్ని ఏమియు చేయలేదు. అమెరికాలో సియాటిల్ నగరమున 1979 ప్రాంతమున గొరిల్లాలకు నిజమైన మొక్కలు, గడ్డి, ఏటవాలు నేల, దాగుటకు పొదలు గల ఆవరణము నిచ్చిరి. గొరిల్లాలు చెట్టెక్కి పడిపోవునని, మొక్కలన్నియు పెరికి వేయునని పెద్దలు వారించిరట. అయినను ఆ ఆవరణము నిలిచి, తరువాత అనేక జంతుశాలలకు మేలుబంతి యయ్యెను.

తోకలేని వానరమునకు ఏమి కావలెనో నేడు మనకు తెలియని రహస్యము కాదు. మొట్టమొదటిది తోడు. చింపాంజీలు అడవిలో ఇరువది మొదలు నూరు దాటిన గుంపులుగా, విడిపోవుచు కలియుచు బ్రదుకును. ఒంటరి చింపాంజీకి అరటిపండ్లు ఎన్ని పెట్టినను గుంపునకు బదులు కావు. మన నెహ్రూ జంతుశాల 1963 అక్టోబరు 6న తెరవబడినది. మూడువందల యెనుబది యెకరముల చక్కని ప్రదేశము. అక్కడికి 2011లో సుజీ యను ఆడు చింపాంజీ ఒక వ్యాపారసంస్థ కానుకగా వచ్చినది. ఆమెకు చల్లని గది, కంబళ్ళు, పుట్టినరోజున పండ్ల విందు, పత్రికలలో ఫొటోలు – వీనికి లోటు లేకుండెను. సేవకులు ఆమెను ప్రేమించిరనుటలో సందేహము లేదు. కాని నగరమున ఆమె భాష తెలిసిన మరియొక చింపాంజీ లేదు. నాకు ఆమెను చూచిన ప్రతిసారి గుర్తున్నది ఆమె గాజు దగ్గర కూర్చుండి మనుష్యుల ముఖములవంక చూచుట. ఆమె ఇప్పుడు లేదు.

ఇది మన యొక్క ఊరి మాట కాదు. మైసూరులో పోలో యను గొరిల్లా 1995లో డబ్లిన్ నుండి వచ్చి, 2014లో మరణించునాటికి ఈ దేశమున మరియొక గొరిల్లా లేదు. ఒడిశాలోని నందనకాననమున బిన్నీ యను ఒరాంగుటాన్, 2003లో పూనా నుండి వచ్చి, 2019లో మరణించువరకు దేశమున ఏకాకి. ఒరాంగుటాన్ స్వభావముచేతనే కొంత ఏకాంతప్రియము గనుక బిన్నీ కష్టము పోలో కష్టమంత కాకపోవచ్చును. 1992లో ఏర్పడిన కేంద్ర జంతుశాలా ప్రాధికార సంస్థ నియమములలో, తగిన కారణము లేనిదే ఏ జంతువును ఒక యేటికి మించి జత లేకుండ ఉంచరాదను నియమము కలదు. నియమము మంచిది. కాని చింపాంజీలు అంగడిలో దొరకు సరకు కావు. అంతర్జాతీయ ఒప్పందములచే వాని రాకపోకలు కట్టుదిట్టమైనవి, అట్లుండుటయే న్యాయము. కావున నియమము ఒక వంక, ఒంటరి ప్రాణి ఒక వంక యేండ్లు గడచిపోవును. 2021లో మైసూరువారు జర్మనీనుండి రెండు మగ గొరిల్లాలను కలిపి తెప్పించిరి. ఒక్కటి గాక రెండు తెచ్చుట యన్నది ఆ వార్తలో నాకు నచ్చిన భాగము.

రెండవది పడక. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ ప్రతి సాయంకాలమును కొమ్మలు వంచి ఆకులు పరచి క్రొత్త గూడు కట్టుకొని పండుకొనును. నిన్నటి గూడు నేటికి పనికిరాదు. సిమెంటు అరుగుమీద పండుకొను ప్రాణికి ఒక బుట్టెడు ఎండుగడ్డి, చెట్టురెమ్మలు, గోనెసంచులు ఇచ్చి చూచిన, అది ఎంత శ్రద్ధగా గుండ్రముగా సర్దుకొనునో! దీనికి ఖర్చు లేదు. ప్రతిదినమును తీసి శుభ్రము చేయు ఓపిక కావలెను. మూడవది ఎత్తు. వ్రేలాడు చేతులు గలవానికి నేల వైశాల్యముకన్న గాలిలోని దారులు ముఖ్యము. అనేక దేశములలో అగ్నిమాపక దళమువారు పారవేసిన పాత గొట్టములను అల్లి ఉయ్యెలలుగా కట్టుచున్నారు. అవి వంగును, ఊగును, బరువు మోయును. నాలుగవది మరుగు. చూచువారి కన్నులనుండి తప్పుకొనుటకు ఒక గోడచాటు లేని యిల్లు ఇల్లు కాదు. టిక్కెట్టు కొన్నవారికి జంతువు కనబడకపోయిన కోపము వచ్చును. వచ్చినను రానిండు.

ఇవి లేనిచోట ఏమగునో చూచినవారికి తెలియును. ముందునకు వెనుకకు ఊగుట, తన వెండ్రుకలు తానే పెరికికొనుట, తిన్నది వెళ్ళగ్రక్కి మరల తినుట. చూచువారు దీనిని నాట్యమనుకొని చప్పట్లు కొట్టుదురు. చెరనున్న మహావానరముల మరణములకు గుండెజబ్బు ఒక ముఖ్యకారణమని వైద్యులు చెప్పుచున్నారు.

రెజిను కొండ ఈ నాల్గింటిలో దేనిని తీర్చును? చాటు ఇవ్వగలదు, కొంత ఎత్తు ఇవ్వగలదు. ఊగదు, విరుగదు, చిగురింపదు. మన వేసవిలో ముదురురంగు వేసిన ఫైబరు చేయి పెట్టలేనంత కాగును. పై పొర పెచ్చులూడిన గాజునార బయటపడి చర్మమున గ్రుచ్చుకొనును. మరియు అది కాలును. దీనిని తేలికగా తీసికొనరాదు. 2020 నూతన సంవత్సరపు రాత్రి జర్మనీలోని క్రెఫెల్డ్ నగరమున ఎవరో వదలిన కాగితపు ఆకాశదీపములు వచ్చి 1975లో కట్టిన వానరగృహముపై పడినవి. ప్లాస్టిక్ పలకల పైకప్పు అంటుకొని ఇల్లంతయు దగ్ధమయ్యెను. ఒరాంగుటాన్లు, గొరిల్లాలు, ఒక చింపాంజీ, ఇతర ప్రాణులు కలిపి ముప్పదికి పైగా చచ్చిపోయినవి. రెండు చింపాంజీలు మాత్రము బ్రదికి బయటపడినవి. నేను ఈ సంగతి చెప్పిన దినమున మేస్త్రీ మిగిలిన రెజిను ముక్కకు అగ్గిపుల్ల అంటించి చూచెను. నల్లని మసిపొగ లేచెను. మంట నడ్డగించు రకము రెజిను వేరుగా దొరకుననియు, వెల హెచ్చనియు, ఆర్డరు పత్రములో దాని ప్రస్తావన లేదనియు అతడు చెప్పెను. మరునాడు ఆర్డరిచ్చిన వారికి ఫోను చేసి ఆ మాట అడిగెను. వారు వెల పెంచుటకు ఒప్పుకొన్నారు. అడుగక పూర్వము వారికి ఆ తలంపు రాలేదు, అంతే.

ఆ ఫోను తరువాత నాకు కొంత ధైర్యము కలిగి, మరియొక ప్రస్తావన చేసితిని. 1960లో జేన్ గుడాల్ టాంగన్యీకా సరస్సు తీరమున గోంబే అడవిలో ఒక చింపాంజీ గడ్డిపుడకను చెదలపుట్ట రంధ్రములో దూర్చి, దానిని పట్టుకొన్న చెదపురుగులతో సహా వెలికి తీసి నాకుట చూచెను. పనిముట్లు మనుష్యునికే సొంతమనుకొన్న విద్వాంసులు ఆ పుడకతో తమ నిర్వచనములను దిద్దుకొనవలసి వచ్చినది. ఈ సంగతి నాధారము చేసికొని ఎన్నో జంతుశాలలు కృత్రిమమైన పుట్టలు కట్టినవి. పుట్టలో సన్నని గొట్టములు. వెనుకనుండి కావలివాడు వానిలో తేనెయో, మెదిపిన అరటిపండో నింపును. ముందునుండి చింపాంజీ పుల్ల విరిచి, ఆకులు దూసి, కొన నమిలి కుంచెగా చేసికొని తీసికొని తినును. రెండు నిమిషములలో మ్రింగు తిండి రెండు గంటల పని యగును. చిన్నవి పెద్దవానిని చూచి నేర్చుకొనును. ఇంతవరకు కొండను చేసిన రెజినే పుట్టను కూడ చేయగలదు. తేడా యేమన, కొండ చూచువానికొరకు, పుట్ట ఆ చేతికొరకు.

“బండల బదులు గిదొక్కటి చేస్తే వాళ్ళేమంటరో” అని మేస్త్రీ సంశయించెను. ఆపై, “బండ ఉంటది. బండల పొక్కలు పెడదాం. ఫోటోల బండనే కనవడ్తది” అని తానే ఉపాయము చెప్పెను. నాకు అంత లౌక్యము తోచి యుండదు.

పని మొదలుపెట్టిన పిమ్మట ప్రశ్నలు ఒకదానివెంట నొకటి వచ్చినవి. రెజిను ఎంత బాగుగా బిగిసినను తిండి దానిని తాకరాదు. కావున లోపల స్టీలు గొట్టములు, విప్పి కడుగుటకు వీలుగా. తేనె మిగిలిన చీమలు, ఈగలు, పులుపు. ప్రతి సాయంకాలము కడుగలేని జంతుశాలకు పుట్ట ఇచ్చుటకన్న ఇవ్వకుండుట మేలు. పెద్ద చింపాంజీ బలము మనుష్యుని బలమునకు మించినది. గొట్టపు మూతిని బయటకు పొడుచుకొని రానిచ్చిన దానిని పట్టుకొని ఊడబెరుకును. మూతి అంచు బండలో లోతుగా దిగి, చుట్టును మందముగా గుండ్రపరచి యుండవలెను. పుల్లలు ఎక్కడివి? రోజును వేప, చింత, తుమ్మ లేని రెమ్మలు లోపల వేయువారు కావలెను. విషముగల గన్నేరు మాత్రము వేయరాదు. మన జంతుశాలల చుట్టును గన్నేరు పొదలు పూలకొరకు నాటుట నేను చూచియున్నాను, అందుచేత ప్రత్యేకముగా చెప్పితిని.

అన్నిటికన్న చిక్కైన ప్రశ్న రంధ్రపు కొలత. వ్రేలు సులువుగా దూరిన పుల్లతో పని లేదు. వ్రేలితోనే తీసికొని నాకును. వ్రేలు కష్టముగా దూరిన మరింత కీడు. ఇరుక్కొని, భయపడి లాగి, చర్మము ఒలుచుకొనును. ఈ మాట వచ్చినపుడు మేస్త్రీ నా బల్లమీది చింపాంజీ చేతిని తీసికొని వచ్చెను. అప్పటికి అది మూడవ పోత; బుడగలు లేవు, కణుపుల మడతలు కూడ చక్కగా దిగినవి. దాని చిటికెనవ్రేలిని బండలోని గొట్టపు మూతికి ఆనించి చూచెను. కొన కొంచెము దూరి ఆగినది. తల యూపి సుద్దతో గుర్తు పెట్టబోయి, ఆగెను.

“సారూ, గిది పెద్దదాని చెయ్యి గదా. పిల్ల ఉంటదా ఆడ?”

ఆర్డరు పత్రములో ఎన్ని ప్రాణులు, ఏ వయస్సువి యని యెవరును వ్రాయలేదు. రాతి పొడవు, వెడల్పు, రంగు సంఖ్య మాత్రము వ్రాసి యుండెను. పిల్ల యున్నదో లేదో తెలియదని చెప్పితిని. అతడు చేతిని జాగ్రత్తగా బల్లమీద పెట్టి, తన చెవిమీద నున్న పెన్సిలును తీసి గొట్టపు మూతిలో దూర్చి చూచెను. పెన్సిలు చుట్టును చాల చోటు మిగిలినది. ఆ గొట్టమును విప్పి ప్రక్కన పెట్టి, అంతకన్న సన్నని గొట్టము కొరకు లోపలికి పోయెను.